పొడుగు పేరున్న ఓడ

మా దీవిలోని హగ్నా రేవులో ఎస్కొలాస్తికాలు ఇద్దరున్నారు. ఒకటి ఇనప ఓడ. ఎండుకొబ్బరి, సిమెంటు, పందులు, కూల్‌డ్రింకు పెట్టెలు, ఏది ఎక్కిస్తే అది మోస్తుంది. రెండోది మనిషి. రేవు గేటు పక్కన అన్నం కొట్టు నడుపుతుంది. ఇద్దరిలో ఎవరి గొంతు పెద్దదో మాత్రం నన్నడక్కండి, నాకు రేపు కూడా మధ్యాహ్నం భోజనం కావాలి.

నా పేరు నెలిదా. గల్దో వాళ్ళ గోడౌనులో కాటా దగ్గర కూర్చునేది నేనే. ఆ కుటుంబానికి చుట్టాన్ని కూడా. పెళ్ళికి పిలుస్తారు గానీ ఫోటోకి పిలవరు, అంత దగ్గర చుట్టరికం. ఓడల కంపెనీ అనగానే మీరేదో అద్దాల మేడ ఊహించుకుంటున్నారేమో. కింద గోడౌను, పైన ఇల్లు, మెట్ల కింద ఆఫీసు, అంతే. ఒక కొడుకు కెప్టెను, ఇంకో కొడుకు ఇంజను చూస్తాడు, అల్లుడు సరుకు ఎక్కిస్తాడు, కోడళ్ళు బిల్లులు రాస్తారు. ఇక్కణ్ణుంచి సెబూకో కమిగిన్ దీవికో సరుకు కదలాలంటే వీళ్ళందరూ ఆ రోజు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఉండాలి. మా రేవులో తుఫాను వల్ల ఆగిన ఓడల కంటే తోడికోడళ్ళ వల్ల ఆగిన ఓడలే ఎక్కువ.

ఓడలకి ఇంటి ఆడవాళ్ళ పేర్లు పెట్టుకోవడం గల్దో వాళ్ళ ఆనవాయితీ. కంపెనీ మొదలుపెట్టిన పెద్దాయన డోన్ సెవెరో మొదటి ఓడకి తల్లి పేరు పెట్టాడు. రెండోదానికి అక్క పేరు పెట్టాడు, పెట్టకపోతే ఆవిడ అలిగి మంచం ఎక్కేది. మూడోది జపాన్ వాళ్ళు వాడి వదిలేసిన ఓడని కొనుక్కొచ్చినప్పుడు భార్య అంపారో వంతు వచ్చింది. పెళ్ళినాటినుంచీ ఆవిడ ఆ వంతు కోసమే కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది.

పేరు రాసే పని పొరోయ్‌కి అప్పజెప్పారు. అసలు పేరు తెలెస్ఫోరో, కానీ అలా పిలిస్తే ఎవరినో అనుకుని తనే వెనక్కి తిరిగి చూస్తాడు. జీపుల మీద దేవుళ్ళ బొమ్మలు, పడవల మీద పేర్లు, శవపేటికల మీద శిలువలు, మా ఊళ్ళో రంగుతో జరిగే పనులన్నీ ఆయనవే. చిన్నప్పుడు ఎవరో చేపల కోసం డైనమైటు పేలిస్తే పక్కనే ఉన్నాడట, ఎడమ చెవి పోయింది. ఇది ఊరందరికీ తెలిసిన సంగతి. ఆయనతో ఏదైనా చెప్పాలంటే కుడివైపుకి వెళ్ళి చెప్పాలి, లేదా ఎడమవైపు నిలబడి గొంతు చించుకోవాలి.

డోన్ సెవెరో ఇంజను సామాను కోసం సెబూ వెళ్తూ వెళ్తూ, పొరోయ్ ఎడమ పక్కన నిలబడి, "అంపారో అని రాయి" అన్నాడు. అని, అదే నోటితో కుడి పక్కకి తిరిగి, గేటు దగ్గరి కొట్టుకేసి, "ఎస్కొలాస్తికా! చేపల చారు పట్రా, పడవకి టైమవుతోంది" అని కేకేశాడు. చారు తాగాడు, వెళ్ళిపోయాడు. ఎండకి రంగు పొంగుతుందని పొరోయ్ ఓడ ముక్కుకి అడ్డంగా గోనెపట్టా కట్టుకుని, దాని వెనకాల కూర్చుని రెండు రోజులు రాశాడు. ఓడని నీళ్ళలోకి దించే రోజు తెల్లారగానే కళాసులు ఆచారం ప్రకారం కోడిని కోసి ముక్కు మీద రక్తం చల్లారు. రక్తం పడ్డాక ఓడ పేరు మార్చకూడదు. మారిస్తే సముద్రం ఊరుకోదని మా వాళ్ళ నమ్మకం, దాన్ని పరీక్షించి చూసినవాళ్ళెవరూ మా ఊళ్ళో లేరు.

నేనప్పుడు కొత్తగా కాటా దగ్గర చేరాను. అదంతా నా కళ్ళతో చూశాను. అంపారోగారు రెక్కల చేతుల కొత్త గౌను వేసుకుని, పేరుతల్లిగా ఓడ మీద సీసా పగలగొట్టడానికి ముందు వరసలో కూర్చుంది. బ్యాండు మోగింది, తాడు లాగారు, గోనెపట్టా జారింది. ఫాదర్‌గారు కళ్ళజోడు సవరించుకుని, ఉన్నదున్నట్టు చదివాడు: "ఎస్కొలాస్తికా. పేరుతల్లి ముందుకి రావాలి."

కొట్టులోంచి ఎస్కొలాస్తికా వచ్చింది, ఎవరో చారు అడుగుతున్నారనుకుని, చేతిలో గరిటెతో. ఫాదర్ ఆవిడ చేతిలో సీసా పెట్టాడు. ఏం చెయ్యాలని అడిగితే కొట్టమన్నాడు. ఆవిడ అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఒక్క దెబ్బకి సీసా తునాతునకలైంది, కళాసులు ఈలలు వేశారు. అప్పుడు తలెత్తి పైన ఏం రాసుందో చదువుకుంది. ఆ మొహం చూడాలి మీరు. అంపారోగారు మాత్రం లేచి, గౌను దులుపుకుని, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

"మీరు అరిచింది ఆ పేరే కదండీ" అన్నాడు పొరోయ్, కుడి చెవి ముందుకి పెట్టి. ఆ పొద్దునే సెబూనుంచి పడవ దిగిన డోన్ సెవెరో తల గోక్కున్నాడు. అరిచిన మాట నిజమే మరి. సగం ఊరు ఆ చెవి సంగతి నమ్మింది. మిగతా సగం చేపల చారు అంత రుచిగా ఎందుకుంటోందో ఇప్పుడు తెలిసిందని నవ్వుకుంది. పాపం పెద్దాయన ఇంట్లో తిండి పుట్టక, ఆ కొట్టుకి వెళ్ళే ధైర్యం చాలక, చాలాకాలం డబ్బా చేపలూ రొట్టే తిని బతికాడు. తర్వాత కొన్న ఓడకి అంపారో అని పెట్టాడు. అది చిన్నదని ఆవిడ పోయేదాకా దెప్పుతూనే ఉంది.

నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. దెబ్బ తగిలింది ఎస్కొలాస్తికాకి. అప్పటికి ఆవిడకి దుయెరో ఊరి బస్సు డ్రైవరు ప్రొకొపియోతో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఆ డ్రైవరు తల్లి ఒక కూతుర్ని తోడు తెచ్చుకుని రేవుకి వచ్చి, ఓడ మీద పేరు తనే చదువుకుని, పరాయి మగాడు ఊరూరా తిప్పుకునే పేరు మా ఇంటికొద్దని చెప్పి వెళ్ళిపోయింది. ప్రొకొపియో కిమ్మనలేదు. అమ్మ మాటకి కిమ్మనలేని మొగుడు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటేనని ఎస్కొలాస్తికా అందరికీ చెప్పుకుంది. ఆ రాత్రి వెక్కి వెక్కి ఏడ్చిందని వాళ్ళక్క నాతో చెప్పింది. ఆ తర్వాత పెళ్ళి మాటే ఎత్తనివ్వలేదు.

అప్పటినుంచీ మొదలైంది రోజువారీ పూజ. పొద్దున పెద్దాయన మెట్లు దిగ్గానే గేటు దగ్గర నిలబడి, ఆ తుప్పు డొక్కు మీంచి నా పేరు గీకేయండి అని. రక్తం పడిందిగా, ఏం చెయ్యనమ్మా అని ఆయన. ఆయన పోయాక ఆయన కొడుకులతో అదే గొడవ. అలా ముప్పై ఏళ్ళ పైనే నడిచింది. నాంగ్ తీకా కేకలు వినపడకపోతే ఆ రోజు ఆదివారమని మాకు లెక్క. మా వైపు పెద్దదాన్ని నాంగ్ అనీ, పెద్దవాణ్ణి నోంగ్ అనీ పిలవాలి, తీకా అన్నది ఆవిడ ముద్దుపేరు. ఆ మనిషికి ముద్దుపేరు ఎవరు పెట్టారో వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. రేడియోలో ఓడల కబుర్లు రోజూ ఊరంతా వినేలా వస్తాయి కదా. "ఎస్కొలాస్తికా పందులతో బయల్దేరింది." "ఎస్కొలాస్తికా ఒక పక్కకి ఒరిగింది, కెప్టెన్ కిందా మీదా పడుతున్నాడు." "ఎస్కొలాస్తికా అడుగంతా నాచు పట్టిపోయింది, గోకాలి." చేపల బజారులో ఆడవాళ్ళు ఇవన్నీ కంఠతా పట్టి, ఆవిడ బేరానికి వచ్చినప్పుడు ఒక్కొక్కటే వదిలేవాళ్ళు. ఒకసారి "ఎస్కొలాస్తికాలోకి నీళ్ళొచ్చాయి, ఆశ వదులుకోండి" అని కమిగిన్‌కి కాపురానికి వెళ్ళిన వాళ్ళక్క చెవిన పడింది. ఆవిడ నల్లబట్టలు కట్టుకుని, ఏడుస్తూ పడవెక్కి వచ్చేసరికి చెల్లెలు కొట్టులో పందిమాంసం వేయిస్తోంది. అక్కాచెల్లెళ్ళు కౌగిలించుకుని ఏడ్చి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి గల్దో వాళ్ళని తిట్టారు.

ఇన్ని తిట్టినా ఒక సంగతి నేను గమనిస్తూనే ఉన్నాను. మిగతా ఓడల కళాసులు వస్తే చేప తోక ముక్క వేసేది, ఎస్కొలాస్తికా కళాసులకి తల ముక్క. అదేమంటే, నా పేరు పెట్టుకుని ఆకలితో పోతే అప్రదిష్ట నాకు అనేది. తుఫాను హెచ్చరిక వస్తే మిగతా ఓడలు ఎక్కడున్నాయో అడగదు. ఆ ఒక్కదాని గురించే, అదీ మునిగి చచ్చిందా లేదా అనే అడుగుతుంది. దాని హారను దూరంనుంచి వినపడగానే, చేతిలో పని వదలకుండానే అన్నం ఎసరు పెద్దది చేసేది.

ఇక పొరోయ్ సంగతి. ఆవిడ బతుకు బజారున పడేసింది పొరోయే కదా, కొట్టు గడప తొక్కనివ్వకూడదు. కానీ తొక్కనిచ్చింది. ఆయనా రోజూ వచ్చేవాడు, ఎడమ చెవి పొయ్యి వైపు పెట్టుకుని అదే బల్ల మీద కూర్చునేవాడు. ఆవిడ ఎన్నడూ "ఆయన" అనలేదు. వాడు, ఆ చచ్చినోడు, ఆ చెవిటి సన్నాసి, ఇవే ఆయన పేర్లు. పని ఒత్తిడి లేనప్పుడు ఆ ఎడమ చెవి దగ్గర నిలబడి, గిన్నెలు తోముతూ, గొంతు తగ్గించి తనలో తను మాట్లాడుకునేది. గోడకి చెప్పుకున్నట్టే మరి. నీ వల్ల నా పెళ్ళి చెడింది, నీ చెయ్యి పడిపోను, నా మోకాలు చూడు ఎలా వాచిందో, ఇల్లు కారుతోంది, ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు, ఇలా. ఆయన ఉలుకూ పలుకూ లేకుండా అన్నం తినేవాడు. అదృష్టం కొద్దీ వారం తిరక్కుండానే నిచ్చెన భుజాన వేసుకుని వాళ్ళింటి మీదుగా పోతూ, పైకప్పు రేకు లేచిందని తనే చూసి సరిచేసేవాడు. మోకాలికి నూనె కూడా అలాగే, ఎవరో ఇస్తే తనకి పనికిరాదని తెచ్చి ఇచ్చాడు. నాకప్పుడు ఏమీ తట్టలేదు, నా తెలివి అలా తెల్లారింది.

ఇప్పుడు కంపెనీ చూసేది పెద్దాయన మనవరాలు క్లారిబెల్. మంచి పిల్ల, కష్టపడుతుంది, నవ్వుతూ మాట్లాడుతుంది. ఆడవాళ్ళ పేర్లతో రేడియోలో గందరగోళంగా ఉందని, ఇకమీదట ఓడలకి నంబర్లు పెడదామంది. గల్దో ఒకటి, గల్దో రెండు, అలా. తల్లి పేరూ అక్క పేరూ మోసిన ఓడలు ఎప్పుడో తుక్కుకి పోయాయి, అంపారోగారూ పోయింది, కాబట్టి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎస్కొలాస్తికా ఓడకి ముక్కు కింద ఇనుము తుప్పుపట్టి పోతే, ఆ కింది భాగం కోసేసి కొత్తది అతికించారు. రక్తం పడ్డ ఇనుమే పోయింది కాబట్టి ఓడ కొత్తదైనట్టే, పేరు మార్చినా దోషం లేదని కెప్టెన్ కూడా ఒప్పుకున్నాడు. పైనున్న పాత పేరు మాత్రం ఇంకా అలాగే ఉంది. శనివారం సాయంత్రం కొత్త పేరుతో మళ్ళీ కోడి రక్తం చల్లాలని ముహూర్తం పెట్టారు.

క్లారిబెల్ తనే కొట్టుకి వచ్చి చెప్పింది. "ఆంటీ, మా తాత ఎన్నాళ్ళో మీ కోరిక తీర్చలేకపోయాడు. నేను తీరుస్తున్నా. ఓడ మీద మీ పేరు ఇక ఉండదు." భోంచేస్తున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాంగ్ తీకా గరిటె గాల్లో పట్టుకుని, "ఇన్నాళ్ళకి ఆ ఇంట్లో ఒకరికి బుద్ధొచ్చింది" అంది. ఆ రోజు చారులో ఉప్పు రెండుసార్లు పడింది. అయినా అందరూ తాగేశారు, అడిగే దమ్ము ఎవరికుంది.

అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దడానికి నేను ఆగాను. సంతోషమేనా నాంగ్ అని అడిగాను. ఆవిడ పొయ్యి బూడిద ఎత్తుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"నాకు పిల్లా జెల్లా లేరే నెలిదా. నేను పోయాక ఈ రేవులో నా పేరు పలికేది ఆ తుప్పు డొక్కొక్కటే. ఎస్కొలాస్తికా వచ్చింది, ఎస్కొలాస్తికా వెళ్ళిందని ఎవరో ఒకరు అంటూ ఉంటారనుకున్నా. అదీ పోతోంది."

మరి ఆ మాటే క్లారిబెల్‌తో చెప్పొచ్చుగా అన్నాను. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. ఇన్నేళ్ళు ఊరంతా వినేలా తిట్టి, ఇప్పుడెళ్ళి ఉంచండమ్మా అని కాళ్ళు పట్టుకోనా, చేపల బజారులో ఆ మాట తెలిస్తే నేను తలెత్తుకుని తిరగ్గలనా అని నా మీద పడింది. పోనీ నేను చెప్తానన్నాను. చెప్తే నీకు ఈ జన్మలో చేప తల పెట్టనంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది కాబట్టి నోరు మూసుకున్నాను. కానీ ఆ రెండు రోజులూ కాటా లెక్కలు తప్పు రాశాను, ఆవిడ మీద కోపంతో కొంత, ఆవిడ గురించిన బాధతో కొంత.

శనివారం మధ్యాహ్నం ఆటుపోటులో నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. ఎస్కొలాస్తికా ఓడ ఇసక మీద కూర్చుని ఉంది, ముక్కు చుట్టూ వెదురు కర్రల మంచె. దాని మీద పొరోయ్, పక్కన నీలిరంగు డబ్బా. ముందు పాత పేరు చెరిపి, దాని మీద గల్దో మూడు అని రాయాలి. సాయంత్రానికి తెచ్చిన తెల్లకోడి మంచె కాలికి కట్టేసి ఉంది, దాని గొడవ అది పడుతోంది. కళాసులందరూ భోజనాలకి పోయారు. నాంగ్ తీకా క్యారేజీలో అన్నం తీసుకుని ఓడ దగ్గరికి బయల్దేరింది, గొడుగు పట్టమని నన్ను వెంటబెట్టుకుంది. ఆ చెవిటి సన్నాసి ఇవాళ తిండికి రాలేదు, ఆకలికి పడి చస్తే ఆ పాపం కూడా నాకే అని గొణుగుతూ నడిచింది. ఆవిడ క్యారేజీ పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్ళగా నేను చూడలేదు.

వెళ్ళేసరికి పొరోయ్ ఆ పేరుని తోకనుంచి చెరుపుతున్నాడు. చివరి మూడు ఇంగ్లీషు అక్షరాలు అప్పటికే నీలిరంగు కిందికి పోయాయి. మిగతాది ఎస్కొలాస్త్ అని, మాట మధ్యలో ఎవరో నోరు నొక్కినట్టుంది. మేం ఆయన ఎడమవైపున నిలబడ్డాం. ఆయన తిరిగి చూడలేదు. నాంగ్ తీకా క్యారేజీ మంచె మీద పెట్టింది. పెట్టి, అక్కడే నిలబడి, ఆ పేరు వైపు చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే నేను చూస్తానని. తర్వాత ఆ ఎడమ చెవి దగ్గర, గిన్నెలు తోమేటప్పటి గొంతుతో, నాకే సరిగ్గా వినపడనంత నెమ్మదిగా అంది.

"చెరపొద్దురా."

కుంచె ఆగిపోయింది.

మళ్ళీ కదల్లేదు. కోడి కూడా ఎందుకో నోరు మూసుకుంది. నాంగ్ తీకా ఆ కుంచెని చూసింది, ఆ చెవిని చూసింది, మళ్ళీ కుంచెని చూసింది. నాకు ఒక్కసారిగా ఇంటి పైకప్పు గుర్తొచ్చింది, మోకాలి నూనె గుర్తొచ్చింది. ఆవిడకి ఇంకా ఏమేం గుర్తొచ్చాయో దేవుడికే తెలియాలి. ముప్పై ఏళ్ళుగా ఆ చెవిలో ఏమేం పోసిందో ఆవిడ ఒక్కదానికే తెలుసు, ఇప్పుడు ఇద్దరికి. మొహం మిరపపండులా అయిపోయింది.

"నీకు వినపడుతుంది" అంది.

పొరోయ్ కుంచె డబ్బా మీద ఆనించి పెట్టాడు. "డైనమైటు పేలాక కొన్నాళ్ళు వినపళ్ళేదు. తర్వాత బాగయింది" అన్నాడు.

"అయితే ఆ రోజు పెద్దాయన చెప్పింది..."

"విన్నా. అంపారో అన్నాడు. రెండు చెవులా విన్నా."

నాంగ్ తీకా చేతికి ఏదైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూసింది. నా గొడుగు తప్ప ఏమీ లేదు, నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "మరెందుకురా నా పేరు రాసి చచ్చావ్?" అంది. గొంతు పెద్దది చెయ్యబోయింది గానీ పెద్దది కాలేదు.

ఆయన మొదటిసారి ఇటు తిరిగాడు. "అంపారో అని రాస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది. నీది పొడుగు పేరు. రాస్తే రెండు రోజులు నీ కొట్టుకెదురుగా ఉండొచ్చు, పూటపూటా వచ్చి తినొచ్చు. అంతే ఆలోచించా. కుర్రతనం. పేరు బయటపడ్డాక తిడతారు, చెరిపి మళ్ళీ రాయమంటారు, ఇంకో రెండు రోజులు ఉండొచ్చనుకున్నా. వాళ్ళు తెల్లారకుండానే రక్తం చల్లేస్తారని నాకేం తెలుసు?"

"నా పెళ్ళి చెడింది."

"చెడింది" అని ఒప్పుకున్నాడు. "అప్పుడే వచ్చి నిజం చెప్దామనుకున్నా. నువ్వేమో కత్తిపీట దగ్గర కూర్చుని, ఎవరు చేసినా వాడి గొంతు కోస్తానంటున్నావ్. చెవిటివాణ్ణి కాబట్టి బతికిపోయా. ఇక అప్పట్నుంచి చెవిటివాడిగానే ఉండిపోయా. నువ్వు కూడా ఆ చెవితోనే అన్నీ చెప్పుకునేదానివి. బాగయిందని తెలిస్తే చెప్పడం మానేస్తావు కదా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ గొణుగుడు కోసం ఒక మనిషి మంచి చెవిని ముప్పై ఏళ్ళు చెవిటిదని నమ్మించాడు. ఎడమవైపునుంచి ఊరివాళ్ళు పెట్టిన పొలికేకలన్నీ ఓర్చుకున్నాడు, ఎవరెన్ని తిట్లు తిట్టినా వినపడనట్టు కూర్చున్నాడు. ఇలాంటివాణ్ణి కొట్టాలో మొక్కాలో నాకు తెలీలేదు. నాంగ్ తీకాకీ తెలీలేదనుకుంటాను. ఇసకలో అలాగే కూలబడింది. నడుముకి కట్టుకున్న వంట గుడ్డతో మొహం అదిమి పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. గుడ్డ తీసేసరికి నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళతో.

"ఆ రంగు తడిగానే ఉందా?" అని అడిగింది.

పొరోయ్ పాత గుడ్డ కిరోసిన్‌లో ముంచి నీలిరంగు మీద తుడిచాడు. మూడక్షరాలూ ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ బయటికొచ్చాయి. కాస్త అలుక్కుపోయాయి, ఎస్కొలాస్తికా మాత్రం పూర్తయింది. నాంగ్ తీకా లేచి, గౌను అంచు నడుముకి దోపి, మంచె కాలికి కట్టిన తెల్లకోడిని పట్టుకుంది. సాయంత్రం దాకా ఆగాలి నాంగ్ అని నేనంటున్నాను, పొరోయ్ డబ్బా రేకు కోసే కత్తి అందిస్తున్నాడు. ఇన్నేళ్ళు చేపలు కోసిన చెయ్యి, కోడికి తెలిసే లోపే పని అయిపోయింది. కొత్త ఇనుము మీద రక్తం ఈ చివరనుంచి ఆ చివరకి పడింది. ఇక ఆ పేరు ఎవరూ మార్చలేరు.

ఆవిడ కోడిని కాళ్ళు పట్టుకుని వేలాడదీసుకుని, తలెత్తి పేరు వైపు చూసింది. "అలుక్కుపోయింది. మళ్ళీ కొత్తగా రాయాలి" అంది.

"పొడుగు పేరు. రెండు రోజులు పడుతుంది" అన్నాడు పొరోయ్.

"మూడు రోజులు తీసుకో. తొందరేముంది" అంది ఆవిడ.

సరిగ్గా అప్పుడే క్లారిబెల్ ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. పైన పేరు చూసింది, కింద రక్తం చూసింది, నాంగ్ తీకా చేతిలో తల లేని కోడిని చూసింది. ఏమైందో అడగడానికి పొరోయ్ దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ ఎడమ చెవిలో గొంతు చించుకుంది. "అంకుల్! గల్దో మూడు అని రాయమన్నాను కదా!"

పొరోయ్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు. ఏమిటన్నాడు. ఆ పిల్ల మెడ నరాలు ఉబ్బేలా మళ్ళీ అరిచింది. "ఆఁ, ఆఁ, ఎస్కొలాస్తికా. అదే రాశానమ్మా" అన్నాడు, ఎంతో బుద్ధిగా.

క్లారిబెల్ ఏం చెయ్యాలో తెలీక నాంగ్ తీకా వైపు తిరిగింది. నాంగ్ తీకా మొహంలో నవ్వు జాడ కూడా లేదు. కోడిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, జాలిగా తలాడించింది.

"ఏం చేస్తాం తల్లీ. పాపం, ఆయనకి ఆ చెవి వినపడదు."

ఆయన, అంది. నేను విన్నాను. నా రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి.